వారాంతపు పని ఎప్పుడు స్టార్టప్ అవుతుంది?

కూకట్‌పల్లిలో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఊహించుకుందాం. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కల మీద వాట్సాప్ గ్రూపులో నెలనెలా జరిగే గొడవలు చూసి విసిగిపోయి, నాలుగైదు వారాంతాలు కూర్చుని ఒక చిన్న యాప్ రాశాడు. ఎవరు కట్టారు, ఎవరు బాకీ, లిఫ్ట్ రిపేరుకి ఎంతయింది, వాచ్‌మన్‌కి ఎంత ఇచ్చారు, అన్నీ అందరికీ కనిపిస్తాయి. చూసి ముచ్చటపడి పక్క వీధిలో మూడు అపార్ట్‌మెంట్ల వాళ్లు తమకూ పెట్టించుకున్నారు. సర్వర్ ఖర్చుల కింద ఒక్కో అపార్ట్‌మెంట్ నెలకు ఐదు వందలు ఇస్తోంది. ఆఫీసులో స్నేహితులు అప్పుడే "ఏం ఫౌండర్ గారూ" అని పిలుస్తున్నారు.

ఇంతకీ ఇది స్టార్టప్పేనా?

ముగ్గురిని అడిగితే మూడు రకాలుగా చెబుతారు. సీఏ అయితే "కంపెనీ రిజిస్టర్ చేశారా?" అంటాడు. పెట్టుబడి పెట్టేవాడు "నెలకు ఎంత శాతం పెరుగుతోంది?" అంటాడు. ఇంట్లో వాళ్లకు తెలియాల్సింది ఒక్కటే: ఉద్యోగం మానేస్తావా, మానవా? ముగ్గురూ వాడే మాట ఒకటే కానీ అడుగుతున్నవి మూడు వేర్వేరు సంగతులు. ఈ గందరగోళంలోనే చాలామంది తొందరపడి కంపెనీ పెట్టేస్తారు. కొందరు పెట్టాల్సిన సమయం దాటిపోయినా తేల్చుకోలేక ఉండిపోతారు.

ముందు ప్రభుత్వం మాట చూద్దాం, ఎందుకంటే అది రాతపూర్వకంగా ఉంది. స్టార్టప్ ఇండియా పథకం 2016 జనవరి 16న మొదలైంది. అప్పట్లో స్టార్టప్ అనిపించుకోవాలంటే వయసు ఐదేళ్లు, టర్నోవర్ 25 కోట్ల రూపాయలు దాటకూడదు. తర్వాత వయసును ఏడేళ్లకు పెంచారు. 2019 ఫిబ్రవరి నోటిఫికేషన్ దాన్ని పదేళ్లకు, టర్నోవర్ పరిమితిని 100 కోట్లకు తీసుకెళ్లింది. ఇలాంటి అంకెల్ని ప్రభుత్వాలు ఎప్పటికప్పుడు సవరిస్తూనే ఉంటాయి కాబట్టి వాటిని బట్టీ పట్టాల్సిన పని లేదు. చూడాల్సింది మిగతా షరతుల్ని. ఆ నోటిఫికేషన్ ప్రకారం సంస్థ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగానో, ఎల్ఎల్‌పీగానో (భాగస్వాముల బాధ్యత వాళ్ల పెట్టుబడి మేరకే ఉండే సంస్థ), రిజిస్టర్ అయిన భాగస్వామ్య సంస్థగానో ఉండాలి. ఉన్న వ్యాపారాన్ని విడగొట్టి కొత్త బోర్డు తగిలించినది అయి ఉండకూడదు. కొత్త వస్తువునో సేవనో పద్ధతినో తయారుచేస్తూనో, ఉన్నదాన్ని మెరుగుపరుస్తూనో ఉండాలి. లేదంటే బాగా విస్తరించగలిగి, ఉద్యోగాలనో సంపదనో పెద్ద ఎత్తున సృష్టించగల వ్యాపార నమూనా అయినా ఉండాలి.

ఒక మనిషి తన పేరు మీదే నడుపుకునే సొంత వ్యాపారానికి, అంటే ప్రొప్రైటర్‌షిప్‌కి, ఈ జాబితాలో చోటు లేదు. కాబట్టి మన అపార్ట్‌మెంట్ యాప్ ఈ క్షణాన ప్రభుత్వం దృష్టిలో స్టార్టప్ కాదు. రేపు కంపెనీ పెట్టి పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే, గుర్తింపుకు ఫీజేమీ లేదు కాబట్టి, అయిపోవచ్చు. గుర్తింపు వస్తే కొన్ని లాభాలు నిజంగానే ఉన్నాయి. పేటెంట్ ఫీజులో 80 శాతం, ట్రేడ్‌మార్క్ ఫీజులో సగం తగ్గుతుంది. ఆదాయపు పన్ను చట్టం కింద పదేళ్లలో వరుసగా మూడేళ్లు లాభాల మీద పన్ను మినహాయింపు ఉంది, కానీ అది గుర్తింపుతోపాటు దానంతట అది రాదు. మంత్రిత్వ శాఖల మధ్య ఏర్పాటైన బోర్డు విడిగా సర్టిఫికెట్ ఇవ్వాలి. పైగా లాభం ఉంటేనే కదా పన్ను, పన్ను ఉంటేనే కదా మినహాయింపు. నెలకు రెండు వేలు వచ్చే యాప్‌కి ఇవేవీ పెద్దగా అక్కరకు రావు.

అక్కరకు రాకపోగా ఖర్చు మొదలవుతుంది. కంపెనీ రిజిస్టర్ చేయడం ఇప్పుడు చాలా తేలిక. 2015 సవరణతో లక్ష రూపాయల కనీస మూలధనం నిబంధన కూడా పోయింది. నడపడమే బరువు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఒక్క రూపాయి వ్యాపారం చేయకపోయినా ఏటా ఆడిట్ చేయించాలి. ఆర్థిక నివేదికలు ఒక ఫారంలో, వార్షిక రిటర్న్ మరో ఫారంలో దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము, అదీ పైపరిమితి లేకుండా. రెండు ఫారాల్నీ ఏడాదిపాటు మర్చిపోతే 73 వేలు. వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులవుతారు. ఆ ఐదేళ్లూ మరో కంపెనీలో డైరెక్టర్‌గా చేరడానికి కూడా వీలుండదు. ఇది కాగితం మీది బెదిరింపు కాదని 2017లో తెలిసొచ్చింది. ఆ ఏడాది కేంద్రం మూడు లక్షల మందికి పైగా డైరెక్టర్లను ఇలా అనర్హులుగా ప్రకటించింది. వాళ్లలో డొల్ల కంపెనీల వాళ్లతోపాటు, ఎప్పుడో ఉత్సాహంగా కంపెనీ పెట్టి వదిలేసిన మామూలు మనుషులూ ఉన్నారు.

ఎల్ఎల్‌పీ అయితే కాస్త నయం. టర్నోవర్ 40 లక్షలు, భాగస్వాముల పెట్టుబడి 25 లక్షలు దాటనంతవరకు ఆడిట్ తప్పనిసరి కాదు. అసలు ఏ రిజిస్ట్రేషనూ లేకుండా సొంత పాన్ మీద ఆదాయం చూపించుకుంటూ నడిపినా తప్పేమీ లేదు. సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటేవరకు మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా అవసరం పడదు. మనవాళ్లకు మాత్రం ఆలోచన పుట్టగానే పేరు, లోగో, విజిటింగ్ కార్డు, వెంటనే "ప్రైవేట్ లిమిటెడ్" అని తోక ఉండాలి. పెళ్లిచూపులు కూడా కాకముందే కల్యాణ మండపం బుక్ చేసినట్టుంటుంది.

కాగితం వల్ల స్టార్టప్ కాకపోతే మరి దేనివల్ల అవుతుంది? పెట్టుబడి వల్లనా? సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో 1996లో అడ్వెంట్‌నెట్‌గా మొదలైనప్పటి నుంచి, షేర్ల బ్రోకరేజీ సంస్థ జెరోధా 2010 నుంచి, బయటి పెట్టుబడి మీద ఆధారపడకుండానే పెద్ద కంపెనీలయ్యాయి. కాబట్టి అదీ కాదు. ఉద్యోగం మానేయడం వల్లనా? జొమాటో కథ చూస్తే అలా అనిపించదు. 2008లో దీపిందర్ గోయల్, పంకజ్ చద్దా ఢిల్లీలో బెయిన్ అనే కన్సల్టింగ్ కంపెనీలో పనిచేస్తూనే, ఆఫీసులో తోటివాళ్లు రెస్టారెంట్ మెనూ కార్డుల కోసం వెతుక్కోవడం చూసి, ఆ కార్డుల్ని స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. ఫుడీబే అన్న పేరుతో కొంతకాలం అలా ఉద్యోగం పక్కనే నడిచింది. ఉద్యోగాలు వదలడం, 2010లో ఇన్ఫో ఎడ్జ్ పెట్టుబడి రావడం, పేరు జొమాటోగా మారడం, ఇవన్నీ అది పెరుగుతుందని తేలాక జరిగినవి.

పోనీ, జనం ఎక్కువమంది వాడితే అవుతుందా? న్యూయార్క్‌లో ఉండే ఇంజనీర్ జోష్ వార్డిల్ తన భాగస్వామి కోసం సరదాగా రాసిన వర్డిల్ అనే పదం కనిపెట్టే ఆటను 2021 నవంబరు 1న 90 మంది ఆడారు. రెండు నెలలు తిరిగేసరికి రోజుకు మూడు లక్షల మంది దాటారు. ప్రకటనల్లేవు, డబ్బు అడగడం లేదు, రోజుకు ఒక్క పదమే. అంత పెరుగుదల ఏ పెట్టుబడిదారుకైనా నోరూరించేదే. కానీ దాన్ని వ్యాపారంగా నడిపే ఉద్దేశం వార్డిల్‌కి లేదు. 2022 జనవరి చివర్లో న్యూయార్క్ టైమ్స్‌కి అమ్మేసి పక్కకు తప్పుకున్నాడు. లక్షల మంది వాడినా అది చివరి వరకూ సైడ్ ప్రాజెక్టుగానే ఉంది, గొప్ప సైడ్ ప్రాజెక్టుగా.

అమెరికాలో స్టార్టప్ అన్న మాటకు అర్థం చెప్పడానికి చాలామంది ప్రయత్నించారు. వాళ్లలో వ్యాపారవేత్త, అధ్యాపకుడు స్టీవ్ బ్లాంక్ చెప్పింది ఇక్కడ బాగా పనికొస్తుంది. ఆయన దృష్టిలో స్టార్టప్ ఒక తాత్కాలిక సంస్థ. మళ్లీమళ్లీ పనిచేసే, విస్తరించగలిగే వ్యాపార నమూనా కోసం వెతుకుతూ ఉండేది. అందులో "వెతుకుతూ" అన్న మాట మీద ఆగాలి. నమూనా దొరికేశాక అది మామూలు కంపెనీ. అసలు వెతకనిది స్టార్టప్ కానే కాదు. స్టార్టప్‌లకు తొలి పెట్టుబడి పెట్టే వై కాంబినేటర్ స్థాపకుల్లో ఒకరైన పాల్ గ్రాహం 2012లో దీన్ని ఇంకా కుదించి, స్టార్టప్ అంటే వేగంగా పెరగడానికి పుట్టిన కంపెనీ అన్నాడు. వారానికి 5 నుంచి 7 శాతం పెరుగుదల ఉంటే బాగున్నట్టని లెక్క చెప్పాడు. వారానికి 7 శాతం ఆగకుండా పెరిగితే ఏడాదికి 33 రెట్లు దాటుతుంది. మన కూకట్‌పల్లి యాప్‌కి ఉన్నవి నాలుగు అపార్ట్‌మెంట్లు. నాలుగులో 7 శాతం అంటే ఒక బిల్డింగ్‌లో పార్కింగ్ కూడా రాదు. ఇంత చిన్న దశలో శాతాలు చూసుకుని మురిసిపోయినా, బెంగపడినా దండగే.

ఆ దశలో చూడాల్సింది మరొకటి ఉంది: పెరిగే ప్రతి మెట్టుకీ అతని ఆదివారం ఒకటి ఖర్చవుతోందా? ఇప్పటివరకు చేరిన మూడు అపార్ట్‌మెంట్లకీ అతనే వెళ్లాడు. ఫ్లాట్ నంబర్లు, ఓనర్ల పేర్లు తనే ఎక్కించాడు. సెక్రటరీ అంకుల్‌కి పక్కన కూర్చుని నేర్పించాడు. పాత బాకీల పుస్తకం చూసి లెక్క సరిచేశాడు. ఇలా అయితే ఏడాదికి 52 ఆదివారాలే, అంటే మహా అయితే 52 అపార్ట్‌మెంట్లు. మనుషుల్ని పెట్టుకుంటే వాళ్ల ఆదివారాలూ కలుస్తాయి, వాళ్ల జీతాలూ కలుస్తాయి. అది చక్కటి సర్వీసు వ్యాపారం, తక్కువ చేయాల్సిందేమీ లేదు. విజయవాడలో ఇంట్లోనే ఆవకాయ, గోంగూర పట్టించి అమెరికాకి కొరియర్ చేసే ఆవిడ ఈ యాప్ కుర్రాడికన్నా ఎన్నో రెట్లు సంపాదిస్తూ ఉండొచ్చు. కానీ జాడీలు రెట్టింపు కావాలంటే మామిడికాయలూ చేతులూ కూడా రెట్టింపు కావాలి. ఆ సంగతి ఆవిడకు తెలుసు, తెలిసే నడుపుతోంది. వెతకాల్సిన జవాబేమీ మిగల్లేదు.

తన శ్రమతో ముడి తెంచుకుని ఇది పెరగగలదా అన్న అనుమానం పట్టుకుని, దాన్ని తేల్చుకోవడానికి సమయమూ డబ్బూ పందెం కాయడం మొదలుపెట్టినప్పుడు సైడ్ ప్రాజెక్టు స్టార్టప్ అవుతుంది. పందెం ఓడిపోయినా అది స్టార్టప్పే. గెలిచినా పందెం కాయకపోతే వర్డిల్ అవుతుంది.

మధ్యలో వచ్చేవీ ఉన్నాయి. వాంకూవర్‌లో మార్కస్ ఫ్రిండ్ 2003లో ఒక కొత్త ప్రోగ్రామింగ్ పరిజ్ఞానం నేర్చుకుందామని ప్లెంటీ ఆఫ్ ఫిష్ అనే డేటింగ్ సైట్ రాశాడు. ఏళ్ల తరబడి దాదాపు ఒక్కడే నడిపాడు, ప్రకటనల మీద సంపాదించాడు. 2015లో 57.5 కోట్ల డాలర్లకు అది మ్యాచ్ గ్రూప్ చేతికి వెళ్లింది. ఇన్వెస్టర్లు లేరు, మొదట్లో ఆఫీసూ లేదు. అయినా తన గంటలతో సంబంధం లేకుండా పెరిగే యంత్రం కట్టాడు కాబట్టి దాన్ని స్టార్టప్ అనడమే న్యాయం.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ నెట్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్. ఫణీంద్ర సామా అప్పట్లో బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఉద్యోగి. 2005 దీపావళికి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకలేదు. ఎన్ని ట్రావెల్ ఏజెన్సీలు తిరిగినా లేదన్నారు. కథలో అందరికీ గుర్తుండేది ఈ భాగం. టికెట్ దొరక్క ఇంటికి వెళ్లలేని వాళ్లు ఆ దీపావళికి బెంగళూరులో వేలల్లో ఉండి ఉంటారు, కాబట్టి అసలు సంగతి అక్కడ లేదు. టికెట్ ఎందుకు దొరకలేదో ఆయన తర్వాత ఏజెంట్లను అడిగి తెలుసుకున్నాడు. ఒక్కో ఏజెంటుకి తెలిసింది కొద్దిమంది ఆపరేటర్లే. సీటు ఉందా లేదా తెలియాలంటే ఫోన్ చేయాలి, ఆపరేటర్ తన చార్టు చూసి చెప్పాలి. ఏదో ఒక బస్సులో సీట్లు ఖాళీగానే వెళ్తుంటాయి, ఇంకో ఏజెంటు దగ్గర మనిషి టికెట్ లేక వెనక్కి వెళ్తుంటాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఫణీంద్ర, ఆయన బిట్స్ పిలానీ మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు మొదట అనుకున్నది కంపెనీ కాదు. ఖాళీ సమయంలో సాఫ్ట్‌వేర్ రాసి బస్సు ఆపరేటర్లకు ఇద్దామనుకున్నారు. ఆపరేటర్లకు అది పట్టలేదు. చార్టు పుస్తకం, ఫోనుతో పని జరిగిపోతుంటే కంప్యూటరెందుకు? మామూలు సైడ్ ప్రాజెక్టు అయితే అక్కడితో ఆగిపోయేది. వాళ్లు మాత్రం తలకిందులుగా ఆలోచించారు: సాఫ్ట్‌వేర్ ఇవ్వడం కాదు, సీట్లే మనకిమ్మని అడిగి నెట్‌లో అమ్మి చూపిద్దాం. కొత్త వ్యాపారవేత్తలకు దారి చూపే టై సంస్థ మెంటరింగ్ దొరికింది, 2006 ఆగస్టులో రెడ్‌బస్ మొదలైంది, మరుసటి ఏడాది సీడ్‌ఫండ్ అనే సంస్థ పెట్టుబడి వచ్చింది. 2013లో ఇబిబో గ్రూప్ కొనేసింది. ఫణీంద్ర ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నొవేషన్ ఆఫీసర్‌గా కూడా పనిచేశారు.

ఇందులో మలుపు ఆ తిరస్కారం దగ్గర ఉంది. సీట్లు వాళ్ల దగ్గరికి వచ్చాక ప్రతి కొత్త ఆపరేటర్ వల్లా ప్రయాణికులందరికీ ఎంపిక పెరిగింది. ప్రయాణికులు పెరిగిన కొద్దీ తర్వాతి ఆపరేటర్‌ని ఒప్పించడం తేలికైంది. పదో ఆపరేటర్‌కి పడ్డ శ్రమ వందో ఆపరేటర్‌కి పడక్కర్లేదు. ఆదివారాల లెక్క తెగిపోయింది. సాఫ్ట్‌వేర్ పంచిపెట్టే మొదటి ఆలోచనలో ఈ గుణం లేదు. ఆపరేటర్లు సరే అని ఉంటే బహుశా అది మంచి సేవగా మిగిలిపోయేది.

ఈ వెతుకులాటలో దిగాలనుకునే ఉద్యోగి మరో విషయం ముందే చూసుకోవాలి, చాలామంది ఆఖరున చూస్తారు. రాసిన కోడ్ ఎవరిది? కాపీరైట్ చట్టం 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు మొదటి హక్కుదారు యజమాని. ఇంట్లో, సొంత ల్యాప్‌టాప్ మీద, ఆఫీసు పనితో సంబంధం లేనిది రాస్తే చట్టం మామూలుగా జోలికి రాదు. కానీ ఆఫర్ లెటర్ చాలా దూరం వెళ్తుంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం కనిపెట్టిందంతా కంపెనీదేనని, బయట ఏ వ్యాపారం చేయాలన్నా ముందస్తు అనుమతి కావాలని రాసుకున్న కాగితాల మీద చేరిన రోజు ఉత్సాహంలో అందరం సంతకం పెడతాం. 2022 సెప్టెంబరులో విప్రో చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, పోటీ సంస్థలకు పనిచేస్తున్న 300 మందిని గుర్తించి తొలగించామని చెప్పినప్పుడు ఐటీ వాళ్లకి ఒక్కసారిగా టెన్షన్ పట్టుకుంది. సొంత యాప్ రాసుకోవడం, పోటీ కంపెనీకి పనిచేయడం ఒకటి కావు. అయినా పెట్టుబడి వచ్చే రోజున ఎదుటివాళ్ల లాయర్ మొదట అడిగేది ఈ కోడ్ మీద మీ పాత కంపెనీకి హక్కేమీ లేదని చూపించమనే.

అమెరికాలో హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మన పిల్లలకైతే ఇది వీసా ప్రశ్న కూడా. కంపెనీలో వాటా ఉండొచ్చు కానీ దానికి పనిచేయాలంటే ఆ కంపెనీ తరఫున విడిగా పిటిషన్ ఆమోదం పొందాలి. 2025 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు, సొంత కంపెనీలో నియంత్రణ వాటా ఉన్నవాళ్లు కూడా ఆ కంపెనీ ద్వారా హెచ్1బీ పొందొచ్చని స్పష్టం చేశాయి. మొదటి ఆమోదం మాత్రం 18 నెలలకే. వారాంతంలో సరదాగా రాసే కోడ్‌కీ, అనుమతి లేని ఉద్యోగానికీ మధ్య గీత అక్కడ చాలా సన్నం.

కంపెనీ ఎప్పుడు కావాలి అన్నది ఇవన్నీ చూశాక కొంచెం తేలికవుతుంది. ఇంకో మనిషికి వాటా ఇవ్వాల్సి వచ్చినప్పుడు కావాలి, ఎందుకంటే ప్రొప్రైటర్‌షిప్‌లో పంచడానికి షేర్లుండవు. బయటి డబ్బు తీసుకునేటప్పుడు కావాలి. పెద్ద గేటెడ్ కమ్యూనిటీ ఒప్పందం మీద సంతకం అడిగినప్పుడు, ఏదైనా తేడా వస్తే సొంత ఇల్లు, సొంత ఖాతా జోలికి రాకుండా ఉండటానికి కావాలి. లోగో గీసిచ్చిన రూమ్మేట్ రెండేళ్ల తర్వాత వచ్చి సగం నాదన్నా తగాదా పడకుండా, వాటా ఒకేసారి కాక నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా చేతికొచ్చేలా, మొదటి ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ రాకుండా రాసుకోవడానికీ కావాలి.

కూకట్‌పల్లి యాప్ ఇంకా అక్కడికి రాలేదు. ఉన్న నాలుగు అపార్ట్‌మెంట్ల వాళ్లూ అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లే. ఐదు వందలు యాప్‌కి ఇస్తున్నారో, పక్కింటి అబ్బాయి మొహం చూసి ఇస్తున్నారో తెలియదు. తెలియాలంటే ఐదో అపార్ట్‌మెంట్ అతనికి ఎవరూ తెలియని చోట ఉండాలి, ఏ విశాఖ మాధవధారలోనో. అక్కడి సెక్రటరీ తనంతట తనే యాప్ దింపుకుని, నలభై ఫ్లాట్ల పేర్లు ఎక్కించుకుని, డబ్బు కట్టేసి, పాస్‌వర్డ్ మర్చిపోయాననో రసీదు రాలేదనో మొదటిసారి ఫోన్ చేసినప్పుడు గానీ ఇతనికి ఆ అపార్ట్‌మెంట్ ఒకటి చేరిందని తెలియకూడదు. సీఏ దగ్గరికి వెళ్లే పని ఆ ఫోన్ తర్వాత పెట్టుకోవచ్చు.